చదరంగమున సమస్యా సాధనము

సమస్యాపూరణము తెలుగు విద్యార్థులకు క్రొత్త గాదు. పృచ్ఛకుడు పద్యమున ఒక పాదమును మాత్రమే ఇచ్చును. దానికి పొసగునట్లు తక్కిన పాదములను అవధాని పూరించును. ఉర్దూ విద్యార్థులెరిగిన తరహీ ముషాయిరా కూడ ఇట్టిదే. ఒక మిస్రాను ముందుగా ప్రకటింపగా, దాని ఛందస్సును, అంత్యప్రాసను పాటించుచు కవులు గజళ్లు వినిపింతురు. రెండింటను హద్దు ముందే ఏర్పడియుండును. ఆ హద్దులో బుద్ధి ఎంతదూరము పోగలదో చూచుటయే పరీక్ష. చదరంగమునందును ఇట్టి సమస్యలు గలవు. అచ్చట ఇయ్యబడునది పద్యపాదము గాక, పలకపై పావులున్న స్థితి. ఈ స్థితిలో గెలుపెట్లు సాధ్యమగును అనునది ప్రశ్న. అష్టావధానములలో చదరంగమును కూడ ఒక అంశముగా చేర్చు వాడుక ఉన్నది గనుక ఈ పోలిక మేము కల్పించినది గాదని పాఠకులు గ్రహింపగలరు.

ఇట్టి స్థితిని అరబ్బీ గ్రంథకర్తలు 'మన్సూబా' అనిరి. నేడు ఉర్దూలో ప్రణాళికకు వాడుచున్న మన్సూబా అను మాట ఇదియే; పంచవర్ష ప్రణాళికను పంచసాలా మన్సూబా అందురు. క్రీ.శ. 9వ శతాబ్దమునకు చెందిన అల్-అద్లీయు, 10వ శతాబ్దమున ప్రసిద్ధుడైన అబూ బక్ర్ అస్-సూలీయు చదరంగముపై గ్రంథములు వ్రాసి మన్సూబాలను కూర్చిరి. 902 నుండి 908 వరకు పాలించిన బాగ్దాదు ఖలీఫా అల్-ముక్తఫీ సమక్షమున అస్-సూలీ, ఆస్థాన క్రీడాకారుడగు అల్-మావర్దీని ఓడించెను. ఆయన కూర్చిన ఒక సమస్య 'సూలీ వజ్రము' అను పేర సుమారు వేయి సంవత్సరములు పరిష్కారము లేక నిలిచి, 20వ శతాబ్దమున సోవియట్ గ్రాండ్‌మాస్టర్ యూరీ అవెర్బాఖ్ చేత సాధింపబడెను.

కూర్చిన సమస్యలు ఒక తెగ. నిజముగా జరిగిన ఆటలనుండి పుట్టిన సమస్యలు మరియొక తెగ. ఈ వ్యాసమున మేము రెండవ తెగనుండి నాలుగింటిని ఎన్నుకొంటిమి. వానిలోని మెరుపువంటి ఎత్తులను కొనియాడుట మా ముఖ్యోద్దేశము కాదు. అట్టి ఎత్తు మనకు తోచుటకు ఏ ప్రశ్నలు వేసికొనవలెను అనునదే మా విచారము. మెరుపుగా కనబడు ఎత్తు తరచుగా క్రమమైన ప్రశ్నలకు లభించిన జవాబేనని మేము చూపదలచితిమి.

ముందుగా గుర్తుల వివరము. తెల్లపావులవైపు కూర్చున్నవానికి ఎడమనుండి కుడికి నిలువు వరుసలు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్. అతని దిక్కునుండి ఎదుటివాని దిక్కునకు అడ్డువరుసలు 1 మొదలు 8 వరకు. ఆట ఆరంభమున తెల్లరాజు ఇ1 గడిలోను, నల్లరాజు ఇ8 గడిలోను ఉందురు. పావుల పేర్లలో ప్రాంతభేదములు గలవు. మేము మూలనుండు దానిని ఏనుగు అనియు, దాని ప్రక్కదానిని గుఱ్ఱము అనియు, ఐమూలగా నడచుదానిని శకటు అనియు వ్యవహరింతుము. శకటునే కొందరు ఒంటె అందురు. రాజు, మంత్రి, బంట్లు అందరెరిగినవే. పలకను ముందుంచుకొని, పావులను పేర్చుకొని చదువుట మేలు.

మొదటి సమస్య: పారిస్, 1858

అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ వాసి పాల్ మోర్ఫీ 21 ఏండ్ల వయసున ఐరోపా పర్యటన చేయుచు, పారిస్ ఒపేరా నాట్యశాలలో బ్రన్స్‌విక్ డ్యూకు, కౌంట్ ఇసువార్డు అను ఇద్దరు ప్రభువులతో ఒక ఆట ఆడెను. వారిద్దరు కలిసి ఆలోచించుకొనుచు నల్లపావులను నడిపిరి. పదునైదు ఎత్తులు ముగిసిన పిమ్మట స్థితి ఇది.

తెలుపు: రాజు సి1, మంత్రి బి3, ఏనుగు డి1, శకటు జి5, బంట్లు ఎ2, బి2, సి2, ఇ4, ఎఫ్2, జి2, హెచ్2.
నలుపు: రాజు ఇ8, మంత్రి ఇ6, ఏనుగు హెచ్8, శకటు ఎఫ్8, గుఱ్ఱము డి7, బంట్లు ఎ7, ఇ5, ఎఫ్7, జి7, హెచ్7.
ఎత్తు తెలుపుది.

ఇట్టి స్థితిని చూచినవాడు సాధారణముగా వేసికొను ప్రశ్న, నేను ఏ పావును తీయగలను అని. ఆ ప్రశ్నను కొంతసేపు ప్రక్కన పెట్టి, నల్లరాజు ఎచ్చటికి పోగలడు అని అడిగి చూడుడు. డి8, ఇ7 గళ్లపై తెల్లశకటు చూపున్నది. డి7, ఎఫ్7, ఎఫ్8 గళ్లలో నల్లవారి పావులే నిలిచియున్నవి. కావున ఆ రాజునకు పోవు దారి ఒక్కటియు లేదు. కావలసినది ఒక్క చెక్ మాత్రమే. తెల్లఏనుగు డి8 గడికి చేరిన ఆట ముగియును. శకటు దానికి అండగా ఉండనే ఉన్నది. అడ్డమేది? డి7 గడిలోని గుఱ్ఱము. ఆ గుఱ్ఱమును అచ్చటినుండి కదలింపగలుగుటెట్లు అనునదే ఇప్పుడు మిగిలిన ప్రశ్న.

ఇంతవరకు వచ్చినవానికి సమాధానము దూరము కాదు. మోర్ఫీ తన మంత్రిని బి8 గడికి నడిపి చెక్ చెప్పెను. రాజు కదలలేడు, నడుమ అడ్డుపెట్టుటకు తగిన పావు లేదు, గుఱ్ఱము మంత్రిని తీయుట తప్ప వేరు మార్గము లేదు. గుఱ్ఱము బి8కి పోగానే డి వరుస తెరచుకొనెను. ఏనుగు డి8కి వచ్చెను. ఆటకట్టు. నల్లవారికి మంత్రి, ఏనుగు, శకటు, గుఱ్ఱము మిగిలియుండగా, తెల్లవారికి మిగిలిన పెద్ద పావులు ఏనుగు, శకటు రెండు మాత్రమే. పావుల లెక్క కంటె అవి పనిచేయు తీరు ముఖ్యమని బోధించుటకు ఇంతకు మించిన పాఠము దొరకుట కష్టము.

రెండవ సమస్య: వియన్నా, 1910

రిచర్డ్ రేటీ, సావెల్లీ టార్టకోవర్ తరువాతి కాలమున చదరంగ రచనలకు కూడ ప్రసిద్ధులైరి. 1910 నాటికి ఇరువురును యువకులే. ఎనిమిది ఎత్తులకే ఈ స్థితి ఏర్పడెను.

తెలుపు (రేటీ): రాజు సి1, మంత్రి డి3, ఏనుగులు డి1, హెచ్1, శకటులు డి2, ఎఫ్1, గుఱ్ఱము జి1, బంట్లు ఎ2, బి2, సి2, ఎఫ్2, జి2, హెచ్2.
నలుపు (టార్టకోవర్): రాజు ఇ8, మంత్రి ఇ5, ఏనుగులు ఎ8, హెచ్8, శకటులు సి8, ఎఫ్8, గుఱ్ఱములు బి8, ఇ4, బంట్లు ఎ7, బి7, సి6, ఎఫ్7, జి7, హెచ్7.
ఎత్తు తెలుపుది.

నల్లవారు అప్పుడే తెల్లగుఱ్ఱమును తీసియున్నారు. తెల్లమంత్రి ఇ4లోని గుఱ్ఱమును తిరిగి తీసికొనునని అందరు ఎదురుచూతురు. కాని రేటీ తన మంత్రిని డి8 గడిలో, రాజు ప్రక్కనే నిలిపెను! రాజు దానిని తీయక తప్పదు. అంతట తెల్లశకటు డి2నుండి జి5కి పోయెను.

ఈ ఒక్క ఎత్తుతో రెండు చెక్‌లు పడినవి. జి5లోని శకటు ఒకటి చెప్పుచున్నది. శకటు తొలగుటచే దారి తెరచుకొన్న డి1లోని ఏనుగు రెండవది చెప్పుచున్నది. దీనిని జంట చెక్ అందుము. దీని బలము ఎట్టిదో గమనింపుడు. నల్లమంత్రియు, ఇ4లోని గుఱ్ఱమును కూడ జి5 శకటును తీయగల స్థితిలో ఉన్నవి. అయినను ప్రయోజనము లేదు. ఒకరిని తీసిన రెండవవాడు మిగిలియుండును. జంట చెక్‌కు రాజు కదలుట ఒక్కటే జవాబు. రాజు ఇ8కి పోయిన ఏనుగు డి8కి వచ్చి ఆటకట్టు. సి7కి పోయిన శకటు డి8కి వచ్చి ఆటకట్టు. డి6, డి7 గళ్లను ఏనుగు, బి6ను శకటు కాచును, తక్కిన గళ్లలో నల్లవారి పావులే అడ్డు. టార్టకోవర్ సి7కి పోయెను. పదునొకండవ ఎత్తున ఆట ముగిసెను.

ఈ సమస్యనుండి గ్రహింపవలసిన నియమమిది. స్థితిని పరీక్షించునపుడు సాధ్యమగు చెక్‌లన్నిటిని, వెర్రిగా తోచువానిని సైతము, వరుసగా చూడవలెను. చెక్‌కు ఎదుటివాని జవాబులు కొద్దిగా మాత్రమే ఉండును. కావున లెక్కించుట సులభము. మంత్రిని ఊరక ఇచ్చుట అవివేకమని మనస్సు ముందే తీర్పు చెప్పిన, డి8 గడి మన కంట పడదు. పరీక్ష ముగియకముందే తీర్పు చెప్పరాదు.

మూడవ సమస్య: మాస్కో, 1914

ఒసిప్ బెర్న్‌స్టైన్ నాటి మేటి క్రీడాకారులలో ఒకడు. ఎదుటివాడు క్యూబా దేశీయుడు, 1921లో జగజ్జేతయైన హొసే రావుల్ కాపాబ్లాంకా. నల్లవారి బంటు ఒకటి తెల్లవారి నడుమ ముందుకు చొచ్చుకొని వచ్చియుండగా, బెర్న్‌స్టైన్ దానిని తీసెను. కొన్ని మార్పిడుల పిమ్మట ఈ స్థితి వచ్చెను.

తెలుపు: రాజు జి1, మంత్రి ఇ2, ఏనుగు సి3, బంట్లు ఎ2, ఇ3, ఎఫ్2, జి2, హెచ్2.
నలుపు: రాజు జి8, మంత్రి బి6, ఏనుగు డి8, బంట్లు ఎ7, ఎఫ్7, జి7, హెచ్7.
ఎత్తు నలుపుది.

తెల్లవారికి ఒక బంటు అధికము. ఇరువురి రాజులును తమ మూడు బంట్ల వెనుక ఇరుకున పడియున్నారు. చివరి వరుసకు ఎవరి ఏనుగు నిరాటంకముగా చేరునో వారిదే గెలుపు. ఏనుగును వెంటనే డి1కి నడిపిన తెల్లమంత్రి తీసివేయును. మంత్రిని బి1కి నడిపి చెక్ చెప్పిన తెల్లమంత్రి ఎఫ్1కి వచ్చి అడ్డుకొనును. అప్పుడు ఏనుగును డి1కి తెచ్చుట మిక్కిలి ఆకర్షణీయముగా తోచును. కాని అదియే ఉరి. తెల్లఏనుగు సి8కి పోయి చెక్ చెప్పును. నల్లఏనుగు డి8కి తిరిగివచ్చి అడ్డుపడినను, దానిని తీసి ఆటకట్టును.

కాపాబ్లాంకా తన మంత్రిని బి2 గడికి నడిపెను. దానితో బెర్న్‌స్టైన్ ఓటమి నంగీకరించెను. మంత్రిని ఎదుటి మంత్రి తీయగల గడిలోనే ఉంచిన ఈ ఎత్తునకు అంత బలమెట్లు వచ్చెను? తెల్లమంత్రికి రెండు బాధ్యతలు ఉన్నవి: చివరి వరుసను కాచుట ఒకటి, ఏనుగుతో కలిసి తనవారిని కాపాడుకొనుట రెండవది. నల్లమంత్రి ఒకే సమయమున తెల్లమంత్రిని, తెల్లఏనుగును ఎదుర్కొనుచున్నది. తెల్లవారి జవాబులను వరుసగా చూతము. మంత్రి మంత్రిని తీసిన, ఏనుగు డి1కి వచ్చి ఆటకట్టు. మంత్రి ఇ1కి తగ్గిన, నల్లమంత్రి సి3లోని ఏనుగును తీయును. తెల్లమంత్రి దానిని తీసిన, మరల డి1 గడియే ప్రాణాంతకము. ఏనుగు సి2కి వచ్చిన, నల్లమంత్రి బి1లో చెక్ చెప్పి, పిదప సి2లోని ఏనుగును తీయును.

మరియొక జవాబు గలదు. అది మిక్కిలి మోసకరమైనది. తెల్లఏనుగు సి8కి పోయిన ఏమి చేయవలెను? ఇ2లోని తెల్లమంత్రి ఊరక దొరకుచున్నదని నల్లవారు దానిని తీసిన, తెల్లఏనుగు డి8లోని ఏనుగును తీసి ఆటకట్టు చేయును! సరియైన జవాబు బి1లో చెక్. తెల్లమంత్రి ఎఫ్1కి వచ్చి అడ్డుకొనగా, దానిని తీసి చెక్ చెప్పవలెను. రాజు ఆ మంత్రిని తీసిన పిమ్మట నల్లఏనుగు సి8లోని ఏనుగును తీసికొనును. మంత్రులు పోయి, నల్లవారికి ఒక ఏనుగు మిగులును. కావున బి2 అను ఎత్తును కనుగొన్నంతమాత్రమున సమస్య పూర్తి కాలేదు. దీనికి ఎదుటివాని జవాబులన్నిటిని సమాధానపరచినపుడే సాధన పూర్తియగును. పరీక్షలో సిద్ధాంతము పేరు వ్రాసి ఉపపత్తి వ్రాయని విద్యార్థికి ఎన్ని మార్కులు వచ్చునో, బి2 అని చెప్పి ఊరకున్నవానికి అన్నియే రావలెను.

నాల్గవ సమస్య: మాంటీ కార్లో, 1902

పై మూడింటను గెలిచినవాడు దారిని కనుగొనెను. ఇందు గెలువదగినవాడే ఓటమి నొప్పుకొనెను. తెల్లపావులు ఇగ్నాజ్ ఫాన్ పోపీల్‌వి. నల్లపావులు గేయోర్గ్ మార్కోవి. మార్కో సామాన్యుడు కాడు. వియన్నా చదరంగ పత్రికకు సంపాదకుడు, విశ్లేషణలో పేరు గన్నవాడు.

అవసరమైనంతవరకు స్థితిని చెప్పుదుము. నల్లశకటు డి4 గడిలో ఉన్నది. దాని ఎదుట డి3లో తెల్లమంత్రి, మంత్రి వెనుక డి1లో తెల్లఏనుగు. శకటు వెనుక డి7లో నల్లఏనుగు. ఎఫ్5లోని తెల్లగుఱ్ఱము కూడ ఆ శకటుపైననే కన్ను వేసియున్నది. నల్లమంత్రి ఇ5లో ఉన్నది. తెల్లరాజు హెచ్1లో, అతని ముందు హెచ్2లో బంటు. ఎత్తు నలుపుది. డి4 శకటును మూడు పావులు ముట్టడించియుండగా దానికి అండ రెండే. అది కదలిన వెనుకనున్న ఏనుగు పోవునట్లు కనబడుచున్నది. శకటు దక్కదని నిశ్చయించుకొని మార్కో ఓటమి నంగీకరించెను.

కాని శకటును జి1 గడికి పంపిన యెడల? ఇప్పుడు నల్లమంత్రి హెచ్2 బంటును తీసి ఆటకట్టు చేయుటకు సిద్ధముగా ఉన్నది; శకటు దానికి అండ. అదే సమయమున డి7 ఏనుగు ఎదుట అడ్డు తొలగి, తెల్లమంత్రి దాని వాతబడినది. తెల్లమంత్రి డి7 ఏనుగును తీసిన, హెచ్2లో ఆటకట్టు. శకటును రాజుతో తీసినను, ఏనుగుతో తీసినను తెల్లమంత్రి పోవును. దానికి బదులు తెల్లవారికి దక్కునది శకటు, ఏనుగు మాత్రమే. కట్టుబడియున్నదని అనుకొన్న పావే కట్టు తెంచుకొని దెబ్బతీయగలిగియుండెను. 'కట్టుబడిన పావు కదలదు' అను మాటను మార్కో నియమముగా గ్రహించెను. అది నియమము కాదు, ఆయా స్థితిలో పరీక్షింపవలసిన విషయము మాత్రమే.

సాధన చేయు విధము

ఈ నాలుగు సమస్యలనుండి నాలుగు ప్రశ్నలు తేలుచున్నవి. ఎదుటి రాజునకు ఏ గళ్లు మిగిలినవి? సాధ్యమగు చెక్‌లు ఏవేవి? ఎదుటివారి ఏ పావుపై రెండు బాధ్యతలు పడినవి? నేను తలచిన ఎత్తునకు ఎదుటివాని అత్యుత్తమమైన జవాబేది? ఇందు నాల్గవది కష్టతరము. మొదటి మూడింటను మన కోరిక మనకు తోడుండును. నాల్గవదానిలో మన కోరికకు మనమే ఎదురు నిలువవలెను. ఎదుటివాడు మనము కోరిన ఎత్తే వేయునని తలచుట సాధన కాదు, ఆశ.

1997లో డీప్ బ్లూ అను కంప్యూటరు నాటి జగజ్జేత గ్యారీ కాస్పరోవ్‌ను ఒక పోటీలో ఓడించెను. నేడు విద్యార్థి జేబులోని ఫోను సైతము పై నాలుగు సమస్యలకు ఱెప్పపాటులో జవాబు చెప్పును. అది నిందింపదగినది కాదు. విశ్లేషణను సరిచూచుకొనుటకు అది మంచి తోడు. కాని జవాబును ముందు చూచినవానికి ఆ సమస్య ఇక సమస్య కాదు. అతనికి జవాబు దక్కినది. దానిని కనుగొను శక్తి దక్కలేదు. గైడు పుస్తకములోని జవాబును బట్టీ పట్టి, ప్రశ్నలో ఒక్క అంకె మారగానే తెల్లబోవు విద్యార్థిని ఎరుగని అధ్యాపకుడు లేడు. చదరంగమున ఒక్క బంటు ఒక్క గడి జరిగిన చాలును, కంఠస్థము చేసిన ఎత్తు పనికిరాకుండ పోవును. మోర్ఫీ స్థితిలో ఎఫ్7 గడిలో బంటు లేనిచో నల్లరాజునకు ఆ గడి దారి ఇచ్చును. ఇట్టి మార్పు నొక్కటి చేసి విద్యార్థిని మరల అడిగిన, అతడు తెలిసికొన్నదేమో, వల్లించినదేమో తేటపడును.

మరియొక విషయము. సమస్యగా ఇచ్చినపుడు గెలుపు ఉన్నదని మనకు ముందే చెప్పబడినది. ఆటలో అట్లు చెప్పువారెవరు? మార్కో చెంత నిలిచి, ఇచ్చట గెలుపున్నది, వెదకుము అని ఒక్కరు చెప్పియుండిన ఆయన తప్పక కనుగొనియుండును. కావున అభ్యాసమున, మెరుపు ఎత్తు ఏదియు లేని స్థితులను కూడ అక్కడక్కడ కలిపి ఇయ్యవలెను. ఉన్నచోట కనుగొనుట ఎంత విద్యయో, లేనిచోట లేదని నిశ్చయించుటయు అంతే విద్య.

కళాశాల కమిటీవారికి మా విన్నపమొకటి. ప్రకటనల పలకపై వారమునకొక స్థితిని చిత్రించి పెట్టుటకు ఒక కాగితము, ఒక గంట కాలము చాలును. విద్యార్థులు ఎత్తును మాత్రమే గాక, ఎదుటివాని ప్రతి జవాబునకు తమ సమాధానమును కూడ తెలుగుననో ఉర్దూననో వ్రాసి ఇయ్యవలెను. పరిష్కారమును మరుసటి వారమే ప్రకటింపవలెను. ఉర్దూ శాఖ, తెలుగు శాఖ విద్యార్థులు ఒకే పలక చుట్టు చేరుటకు ఇది మంచి అవకాశము. పావుల నడక రెండు భాషలవారికిని ఒక్కటే కదా.

ఈ వ్యాసమున ఒక ప్రశ్నను మేము విప్పక విడిచితిమి. మూడవ సమస్యలో నల్లమంత్రి బి2కి పోయిన పిమ్మట, తెల్లఏనుగు డి3కి వచ్చి నల్లఏనుగునకు ఎదురు నిలిచిన నల్లవారు ఏమి చేయవలెను? తొందరపడి తెల్లమంత్రిని తీసినవాడు ఓడిపోవును. సరియైన జవాబును, అటుపై ఆట నడచు తీరును వ్రాసి తెచ్చు విద్యార్థులకై మా స్టాఫ్‌రూము తలుపు తెరచియే ఉండును.